మన గుమ్మం, మన చిట్టా

నెట్టు నడవకపోతే మన ఇళ్ళల్లో చేసే వైద్యం ఒక్కటే. పెట్టె ఆపి, పది అంకెలు లెక్కపెట్టి, మళ్ళీ పెట్టడం! కస్టమర్ కేర్ వాళ్ళు చెప్పేదీ అదే, పక్కింటి ఇంజనీరు చెప్పేదీ అదే, ఆఖరికి ఒకటో క్లాసు పిల్లలు చెప్పేదీ అదే. సగం సార్లు పనిచేస్తుంది కూడా. నాకు ఈ వైద్యమంటే ఒళ్ళుమంట అందుకే. పెట్టె ఆపగానే అంతవరకూ దాని కడుపులో దాచుకున్న సాక్ష్యమంతా చాలాసార్లు తుడిచిపెట్టుకుపోతుంది. జ్వరం తగ్గింది, రోగమేమిటో తెలియలేదు. రేపు సాయంత్రం మళ్ళీ వస్తుంది, మళ్ళీ పది అంకెలు లెక్కపెడతాం.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు తిట్టుకున్నా సరే. ఇంటికొచ్చే ఇంటర్నెట్ లైనుకి గుమ్మం మనదై ఉండాలి. ఆ గుమ్మం దగ్గర ఎవరొచ్చారు, ఎవరెళ్ళారు, ఎప్పుడు తలుపు పడిపోయింది అని రాసే చిట్టా ఒకటి ఉండాలి. మన తాతలు ఇంత కొట్టు పెట్టుకున్నా చిట్టా, ఆవర్జా లేకుండా నడపలేదు. మనం మాత్రం నెలనెలా డబ్బు కట్టే లైను రోజుకి ఎన్నిసార్లు తెగిందో చెప్పలేం.

నేనుండేది ఒమాన్‌లోని ఖబూరా. మస్కట్ నుంచి సోహార్ వెళ్ళే దారిలో, సువైక్ దాటాక, సహమ్ రాకముందు, సముద్రం ఒడ్డున ఉంటుంది. ఖర్జూరం తోటలు, చేపల పడవలు, పాత ఇళ్ళ మధ్య సన్నటి సందులు. ఆ సందుల్లో ఒకదాంట్లో, మా హాల్లో టీవీ బల్ల కింద, ఒక పాత డెస్క్‌టాప్ కంప్యూటరు రాత్రింబగళ్ళు నడుస్తూ ఉంటుంది. మానిటరు లేదు, కీబోర్డు లేదు. రెండు నెట్‌వర్క్ కార్డులున్నాయి - ఒకటి మోడెమ్ వైపు, ఒకటి ఇంటి వైపు. లోపల డెబియన్ లినక్స్. ఇంట్లో ఏ ఫోను బయటికి వెళ్ళాలన్నా దీన్ని దాటుకునే వెళ్ళాలి. మా ఆవిడ దీన్ని "మీ ద్వారపాలకుడు" అంటుంది. జయుడో విజయుడో మాత్రం చెప్పదు.

ఇదేమీ కొత్త విషయం కాదు. 2000లో స్మూత్‌వాల్, తర్వాత దాన్నుంచి చీలిన ఐపీకాప్ వచ్చినప్పుడు మనలాంటి వాళ్ళ ఇళ్ళల్లో మూలపడ్డ పెంటియంలన్నీ ఇలాగే కాపలా ఉద్యోగంలో చేరాయి. ఆ తర్వాత అరచేతంత రౌటర్లు వచ్చాయి, పాత పెట్టెలు అటకెక్కాయి. తమాషా ఏమిటంటే ఆ చిన్న పెట్టెల్లో చాలావాటిలో ఉన్నదీ లినక్సే! లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ లోపల లినక్స్ ఉందని జనం కనిపెట్టి, లైసెన్సు ప్రకారం సోర్సు కోడ్ ఇవ్వమని పట్టుబడితే, 2003లో అది బయటికొచ్చింది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పుట్టింది దాని మీదే. అంటే కంపెనీ ఇచ్చిన పెట్టెకీ, నా బల్ల కింది పెట్టెకీ చాలాసార్లు ప్రాణం ఒకటే. తేడా అల్లా తాళంచెవి ఎవరి దగ్గరుంది అన్నదే.

సరే, ఈ తాళంచెవి గొడవ నాకెందుకు పట్టిందో చెప్పాలి.

2020. కరోనా. మార్చి ఆఖర్లో ఇండియాకి మామూలు విమానాలు ఆగిపోయాయి. అమ్మ టెక్కలిలో తమ్ముడింట్లో, నేనిక్కడ. అమ్మకి డెబ్బై దాటాయి, చెవులు బాగా మందగించాయి. ఫోనులో మాట్లాడితే ఒక్క ముక్క అర్థం కాదు. ఎదురుగా ఉంటే మాత్రం పెదాలు చూసి ఇట్టే పట్టేస్తుంది. కాబట్టి మాకు వీడియో అనేది ముచ్చట కాదు, అదే మాట. బొమ్మ ఆగిపోయిందంటే మాట ఆగిపోయినట్టే. "వీడియో ఆపేసి మాట్లాడండి, లైను తేలికవుతుంది" అని సలహా ఇచ్చేవాళ్ళకి ఈ సంగతి తెలియదు పాపం.

టైము కూడా మా చేతిలో లేదు. ఇక్కడికీ ఇండియాకీ గంటన్నర తేడా. అమ్మ ఎనిమిదింటికి భోంచేసి తొమ్మిదికల్లా పడుకుంటుంది. అంటే మాకు ఇక్కడ ఆరున్నర నుంచి ఏడున్నర దాకా. సరిగ్గా ఆ గంటలోనే లైను పడిపోయేది. రెండు మూడు నిమిషాలు చచ్చి, లేచి, మళ్ళీ చచ్చి, ఏడున్నరకి కుదుటపడేది. అప్పటికి అమ్మ నిద్ర.

కంపెనీకి ఫోను చేశాను. (పేరెందుకు లెండి, వేరే కంపెనీ అయినా ఇదే కథ.) "మీ లైను బాగానే ఉంది, మీరు పెట్టుకున్న లినక్స్ పెట్టెదే తప్పు, అది తీసేసి నేరుగా పెట్టుకోండి" అన్నారు. తీసేసి లాప్‌టాప్ నేరుగా మోడెమ్‌కి తగిలించాను. అదే సాయంత్రం, అదే చావు. టెక్నీషియన్ మూడుసార్లు వచ్చాడు, మంచివాడే. కానీ వచ్చిన మూడుసార్లూ పగలు పదకొండింటికి! ఆ వేళప్పుడు మా లైను గంగిగోవు. మీటరు పెట్టి చూసి, "అంతా బాగుంది సార్" అని సంతకం పెట్టించుకుని వెళ్ళేవాడు.

ఇక్కడే చాలామంది ఓడిపోతారు. మనకి తెలుసు లైను చెడిందని. వాళ్ళ కాగితం మీద బాగుందని ఉంటుంది. మన దగ్గర ఏ కాగితమూ లేదు. ఇంక వాదనేముంది?

అందుకని చిట్టా మొదలుపెట్టాను. పని చాలా చిన్నది. ఇంటి నుంచి అమ్మ దాకా ఉన్న దూరాన్ని మూడు అంగలుగా విడగొట్టాను. ఇంట్లో ఉన్న మోడెమ్ ఒకటి. కంపెనీ వైపు మొదటి మెట్టు రెండోది, ట్రేస్‌రూట్ కొడితే కనబడుతుంది. ఇండియాలో ఒక సర్వరు మూడోది. నిమిషానికోసారి మూడింటినీ పింగ్ చేసి, జవాబొచ్చిందా, ఎంతసేపట్లో వచ్చింది అని ఫైల్లో రాయమని గేట్‌వేకి చెప్పాను. పింగ్ అనేది మైక్ మూస్ 1983లో రాసిన చిన్న ప్రోగ్రాము. నలభై ఏళ్ళు దాటినా, నెట్టు జబ్బులకి నాడి చూడాలంటే ఈ రోజుకీ మొదట చెయ్యి పెట్టేది దాని మీదే.

మూడు వరుసలెందుకంటారా? ఎవరిని అడగాలో తెలియడానికి. మొదటి వరుస పోతే తప్పు మన ఇంట్లో. మొదటిది ఉండి రెండోది పోతే మన గోడకీ కంపెనీకీ మధ్య. రెండూ ఉండి మూడోది పోతే అది మన వీధి గొడవ కాదు. 2008 జనవరి 30న అలెగ్జాండ్రియా దగ్గర సముద్రంలో రెండు కేబుళ్ళు తెగాయి. రెండ్రోజులకి దుబాయ్, ఒమాన్ మధ్య ఫాల్కన్ కేబుల్ తెగింది. ఆ వారం మన దేశంలో ఎన్ని లక్షల మోడెములు అనవసరంగా ఆగి వెలిగాయో ఊహించుకోండి!

మా చిట్టాలో మొదటి వరుస చెక్కుచెదరలేదు. రెండో వరుసకి మాత్రం చిల్లులు. అంటే ఇల్లు నిర్దోషి, ద్వారపాలకుడు నిర్దోషి. మోడెమ్ తన లోపలి పేజీలో లైను నాణ్యతను డెసిబెల్స్‌లో చూపిస్తుంది. రాగి తీగ మీద మాటకీ రొదకీ మధ్య ఎంత ఎడముందో ఆ అంకె చెబుతుంది. ఆరు దాకా ఉంటే నిశ్చింత, తగ్గేకొద్దీ గండం. దాన్నీ ఐదు నిమిషాలకోసారి రాయించాను. పగలంతా పదకొండు ఉండేది. సాయంత్రం ఉన్నట్టుండి మూడుకి పడిపోయేది.

కంపెనీ వాళ్ళు దీనికీ జవాబిచ్చారు - "సాయంత్రం అందరూ వాడతారు కదా, రద్దీ." బాగానే ఉంది అనిపిస్తుంది వినడానికి. కానీ నెలరోజుల చిట్టా ముందేసుకుని కూర్చుంటే ఒక విచిత్రం కనబడింది. సెప్టెంబరు 1న లైను మొదటిసారి పడింది 6:41కి. 10న 6:31కి. 20న 6:20కి. 30న 6:11కి. రోజుకి నిమిషం చొప్పున వెనక్కి జరుగుతోంది! రద్దీ గడియారాన్ని చూసుకుని వస్తుంది. ఇది గడియారాన్ని చూసి వచ్చే జబ్బు కాదు, సూర్యుణ్ణి చూసి వచ్చే జబ్బు. మా వీధి మసీదులో మగ్రిబ్ అజాన్ ఏ రోజు ఎప్పుడైతే, దానికి పది నిమిషాల తర్వాత మా లైను పోతోంది.

చీకటి పడితే వచ్చేదేమిటి? దీపం!

ట్యూబ్‌లైటు వేస్తే రేడియో బర్రుమనడం మన తరం వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. విశాఖపట్నం కేంద్రం 927 కిలోహెర్ట్జ్ మీద వార్తలు వస్తుంటే పక్కగదిలో ఎవరో లైటు వేసేవారు, నాన్న అరిచేవారు. ఏడీఎస్‌ఎల్ రాగి తీగ మీద నడిచేది దాదాపు ఆ తరంగాల్లోనే - 1.1 మెగాహెర్ట్జ్ దాకా, ఏడీఎస్‌ఎల్2 ప్లస్ అయితే 2.2 దాకా. అంటే మీడియం వేవ్ రేడియోని బాధపెట్టేది బ్రాడ్‌బ్యాండునీ బాధపెడుతుంది. ఒక పాత ట్రాన్సిస్టర్ తీసుకుని, ఏ స్టేషనూ లేని చోట ముల్లు పెట్టి, పొద్దుగూకాక సందులో నడిచాను. చూసినవాళ్ళు ఏమనుకున్నారో నాకు తెలియదు, అడగలేదు కూడా. రెండిళ్ళవతల లాండ్రీ కొట్టు వెనక గోడకి వేలాడుతున్న దీపం దగ్గరికి వెళ్ళేసరికి రేడియో గొంతు చించుకుంది. చీకటి పడితే తనంత తానే వెలిగే దీపం అది. టెలిఫోను తీగ దాని పక్కనుంచే పోతోంది. వెలిగిన కొత్తలో గంటసేపు రొద, వేడెక్కాక సర్దుకోవడం - సరిగ్గా మా లైను వేషాలే.

చిట్టా ప్రింటు తీసి టెక్నీషియన్ చేతిలో పెట్టి, ఈసారి సాయంత్రం ఆరింటికి రమ్మన్నాను. వచ్చాడు. తన మీటరుతో కొలిచాడు, దీపం ఆపించి మళ్ళీ కొలిచాడు, తల పంకించాడు. కొట్టు అతను చిట్టగాంగ్ వాడు, విషయం చెప్పగానే మూడు రియాళ్ళు పెట్టి కొత్త దీపం వేయించాడు, డబ్బిస్తానంటే పుచ్చుకోలేదు. మర్నాటి నుంచి రెండో వరుసలో చిల్లుల్లేవు.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. లైను పడటం ఆగింది గానీ అమ్మ బొమ్మ అప్పుడప్పుడూ బిగుసుకుపోతూనే ఉంది. ఈసారి చిట్టా వేరే కథ చెప్పింది. పింగ్ పోవడం లేదు, ఆలస్యమవుతోంది. మామూలుగా 25 మిల్లీసెకన్లలో వచ్చే జవాబు 1800 మిల్లీసెకన్లకి వస్తోంది. అదే నిమిషంలో గేట్‌వే లెక్క చూస్తే పైకి వెళ్ళే దారంతా నిండిపోయి ఉంది. ఇంట్లో ఫోనులు వైఫై దొరకగానే ఫోటోలు పైకి పంపడం వాటి స్వభావం. మాకు పైకి వెళ్ళే వేగం సెకనుకి ఒక మెగాబిట్. నాలుగు మెగాబైట్ల ఫోటో ఒక్కటి వెళ్ళాలంటే అర నిమిషం పైన పడుతుంది. మోడెమ్ దేన్నీ కాదనకుండా అన్నిటినీ వరుసలో నిలబెడుతుంది. నేను అమ్మకి చెప్పే మాట ఆ ఫోటోల వెనక క్యూలో నిలబడుతుంది.

దీనికి జిమ్ గెటిస్ 2010 ప్రాంతంలో బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టాడు. మందు క్యాథలీన్ నికోల్స్, వాన్ జాకబ్‌సన్ కనిపెట్టారు (ఇందాక చెప్పిన ట్రేస్‌రూట్ రాసింది ఈ జాకబ్‌సనే). 2012లో ఎఫ్‌క్యూ-కోడెల్ అన్న పేరుతో అది లినక్స్‌లోకి చేరింది. విషయం మనకి కొత్త కాదు. చెరువు తూము దగ్గర వంతులవారీగా నీళ్ళు వదిలే మనిషి లేకపోతే ఎగువ ఆసామి పొలమే తడుస్తుంది. ఇక్కడ ఒమాన్‌లోనూ ఫలజ్ కాలవల నీళ్ళు వంతుల మీదే పంచుకుంటారు. కొన్ని ఊళ్ళలో పగలు నీడనీ, రాత్రి చుక్కల్నీ చూసి వంతులు లెక్కగట్టేవారు. 2006లో యునెస్కో ఐదు ఫలజ్‌లని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నేను చేసిందల్లా గేట్‌వేని తూము దగ్గర కూర్చోబెట్టడం. పైకి వెళ్ళే వేగాన్ని 850 కిలోబిట్లకి కట్టేశాను, అప్పుడు వరుస మోడెమ్‌లో కాకుండా గేట్‌వేలో నిలబడుతుంది. అక్కడ ఎవరి వంతు వాళ్ళది. ఫోటోలు నింపాదిగా వెళ్ళాయి, నా మాట ముందు వెళ్ళింది. వేగం కాస్త తగ్గించుకుంటే లైను బాగుపడింది! ఇంకా పెద్ద ప్లాను కొనమని చెప్పేవాళ్ళు ఈ మాట చెప్పరు.

ఇప్పుడు మీ అభ్యంతరాలు. నాకు తెలుసు, రెండు మూడున్నాయి.

కరెంటు ఖర్చు: నిజమే. 60 వాట్ల పాత పెట్టె నెలంతా నడిస్తే 43 యూనిట్లు. ఐదు వాట్ల చిన్న బోర్డు అయితే నాలుగు యూనిట్లు దాటదు. పాతది దొరికితే నేర్చుకోవడానికి వాడండి, తర్వాత చిన్నదానికి మారండి.

భద్రత: ఇదీ నిజమే. అప్‌డేట్లు లేని సొంత గేట్‌వే కంటే కంపెనీ పెట్టే నయం. గుమ్మం మనదే అన్నాక గడియ పెట్టే బాధ్యతా మనదే.

"అందరూ లినక్స్ నేర్చుకుంటారా?" నేర్చుకోరు, అక్కర్లేదు కూడా. నా వాదన అసలు ఇక్కడే ఉంది. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్‌ని రాష్ట్రపతి ప్రారంభించినప్పుడు 149 రూపాయలకి టీవీ, నెట్టు, ఫోను మూడూ అన్నారు. మంచిదే. ఇవాళ ఏ కంపెనీ లైనైనా, పల్లెటూళ్ళో ముసలివాళ్ళు పిల్లల మొహం చూసేది ఇలాంటి పెట్టెల్లోంచే. ఆ పెట్టెలో మాత్రం ఒక ఎర్ర దీపం, ఒక పచ్చ దీపం, అంతే. ఎప్పుడు తెగింది, ఎన్నిసార్లు తెగింది, తెగే ముందు లైను ఎలా ఉంది - ఇవన్నీ ఆ పెట్టెకి తెలుసు. డబ్బు కట్టేవాడికి తెలియదు. వేగం గురించి బోలెడు ప్రకటనలు చూశాను గానీ "మా లైను నెలకి ఇన్నిసార్లే తెగుతుంది" అన్న ప్రకటన ఇంతవరకూ చూడలేదు. కంపెనీ పెట్టెలో, ఆపినా చెరగని చిట్టా ఒకటి, వాడేవాడి భాషలో, వాడేవాడికి కనబడేలా ఉండాలని అడగడం అత్యాశా? కరెంటు మీటరు మన గోడ మీదే ఉంటుంది, మనమే చదువుకుంటాం. ఇదీ అంతే కదా!

అన్నట్టు, చిట్టా అన్ని జబ్బులకీ మందని నేననను. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుఫాను కళింగపట్నానికి ఎగువన తీరం దాటింది. టెక్కలిలో తమ్ముడింట్లో నేను పెట్టిన చిన్న బోర్డు ఐదు నిమిషాలకోసారి "ఉన్నాను" అని కబురు పంపుతూ ఉండేది. ఆ రాత్రి ఆగిపోయింది. అదే తుఫాను దేశం అడ్డంగా దాటి, అరేబియా సముద్రంలో మళ్ళీ బలం పుంజుకుని, షాహీన్ అని పేరు మార్చుకుని అక్టోబరు 3న మా బాతినా తీరం మీద పడింది. ఖబూరాలో 24 గంటల్లో 369 మిల్లీమీటర్ల వాన. వీధులు వాగులయ్యాయి. ఈసారి ఆగిపోయింది మా పెట్టె. అక్కడ ఆగిన నిమిషం, ఇక్కడ ఆగిన నిమిషం, వారం తేడాతో రెండూ ఒకే ఫైల్లో ఉన్నాయి. ఏ గేట్‌వే సముద్రాన్ని ఆపలేదు. కానీ కరెంటు వచ్చాక టెక్కలి నుంచి మళ్ళీ మొదటి "ఉన్నాను" ఎప్పుడొచ్చిందో ఆ చిట్టాయే చెప్పింది. ఫోను కలవని ఆ రోజుల్లో ఆ ఒక్క వరుస చూసి ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నాం.

ఇంతా చదివి, "నాకు లినక్సూ వద్దు, డెసిబెల్సూ వద్దు" అనేవాళ్ళకి ఒక చిన్న పని. ఈసారి నెట్టు పోతే స్విచ్చి మీద చెయ్యి వెయ్యకముందు గడియారం చూడండి. పాల లెక్క రాసుకునే గోడ క్యాలెండరు ఉంటుంది కదా, ఆ తేదీ గడిలోనే టైము రాయండి. పోయిన ప్రతిసారీ రాయండి. పది పదిహేను రోజులయ్యాక ఆ పేజీ ఫోటో తీసి కంపెనీకి పంపండి. "మీ పెట్టెదే తప్పు" అన్న మాట అంత తేలిగ్గా నోట్లోంచి రాదు.

పాలవాడు రాని రోజుకి డబ్బు తగ్గించి ఇస్తాం. లెక్క మన దగ్గరుంది కాబట్టే.